మేడ మీద చదివిన ‘కోరలైన్’: నెల్లూరు అమ్మలూ పిల్లలూ తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు వేసవులుగా నెల్లూరులో మా మేడ మీద సాయంత్రాలు పిల్లలకి కథల పుస్తకాలు చదువుతున్నాను. ఎండ దిగి, సముద్రం గాలి మళ్ళాక చాపలు పరుచుకుంటాం. పది పన్నెండు మంది పిల్లలు వస్తారు. వాళ్ళని దించడానికొచ్చి పిట్టగోడకి ఆనుకుని తామూ వింటూ ఉండిపోయే అమ్మలుంటారు, ఒకరిద్దరు అవ్వలూ ఉంటారు. చాలా పుస్తకాలు చదివాం గానీ ‘కోరలైన్’కి వచ్చినంత వాదన దేనికీ రాలేదు. ఒకావిడ ఇక మా పిల్లాణ్ణి పంపనంది. ఇంకొకావిడ పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి రాత్రికి రాత్రే పూర్తి చేసింది. ఫోన్లో, కూరగాయల మార్కెట్లో, పెళ్ళి పందిళ్ళలో నన్నాపి అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నా అభిప్రాయం దాచలేదు, ఒప్పుకోనివాళ్ళ మాటా తగ్గించి రాయలేదు. కథ చివరిదాకా చెప్పేశాను కాబట్టి, పుస్తకం చదవాలనుకునేవాళ్ళు ముందు అది చదివి ఇటు రండి.

అసలు కథేంటి?

నీల్ గేమన్ అనే ఇంగ్లీషు రచయిత రాశారు. 2002లో వచ్చింది. పదమూడు అధ్యాయాలు, చిన్న పుస్తకం. 2003లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలకిచ్చే హ్యూగో బహుమతి కూడా వచ్చింది. ఆయన తన పెద్దకూతురి కోసం మొదలుపెట్టి, మధ్యలో ఏళ్ళ తరబడి ఆపేసి, చిన్నకూతురి కోసం పూర్తి చేశారు.

కోరలైన్ ఒక చిన్నపిల్ల. అమ్మానాన్నలతో ఒక పాత పెద్ద ఇంట్లో ఒక వాటాలోకి కొత్తగా వస్తుంది. కింది వాటాలో ఒకప్పుడు నాటకాలేసిన ఇద్దరు ముసలమ్మలు, పై వాటాలో ఎలుకలకి సర్కస్ నేర్పుతున్నానని చెప్పే ఒక ముసలాయన. అమ్మానాన్నలు ఇంట్లోనే కంప్యూటర్ ముందు పని చేసుకుంటూ ఉంటారు, పిల్లకి పొద్దుపోదు. ఆ ఇంట్లో పద్నాలుగు తలుపులు. పదమూడు తెరుచుకుంటాయి, పద్నాలుగోది తెరిస్తే ఇటుక గోడ. ఒకరోజు ఆ గోడ ఉండదు. అవతల అచ్చం తమ ఇల్లే, తమ అమ్మానాన్నల్లాంటి అమ్మానాన్నలే. కళ్ళ స్థానంలో మాత్రం నల్ల బొత్తాలు. అక్కడ తిండి బాగుంటుంది, బొమ్మలు కదులుతాయి, అమ్మకి తీరికే తీరిక. ఎప్పటికీ ఇక్కడే ఉండిపో, ఒక్క చిన్న పని ఉంది అని ఆ అమ్మ సూదీ దారం, రెండు నల్ల బొత్తాలు చూపిస్తుంది.

కోరలైన్ వెనక్కి వచ్చేస్తుంది. వచ్చేసరికి అసలు అమ్మానాన్నలు ఇంట్లో ఉండరు. వాళ్ళని విడిపించుకోవడానికి అదే తలుపులోంచి మళ్ళీ వెళ్ళడమే మిగతా కథ.

అమ్మనే రాక్షసిని చేశారు. ఇది చదివితే పిల్లలకి కన్నతల్లి మీద నమ్మకం పోదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. కాస్త నిలబడి మాట్లాడదాం.

మా వదిన కందుకూరులో టీచరు. ఇరవై ఏళ్ళకి పైగా పిల్లల్ని చూసిన మనిషి. ఆమె మాట ఇది: “లోకంలో పిల్లలు కళ్ళు మూసుకుని నమ్మేది అమ్మ ఒక్కదాన్నే. దెయ్యాన్ని పెట్టుకో, పాముని పెట్టుకో, అమ్మ ముఖం మాత్రం పెట్టకూడదు. ఆ ఒక్క తలుపూ మూసే ఉంచాలి.” ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. రెండు రోజులు చదవడం ఆపాను కూడా.

తర్వాత గుర్తొచ్చింది పూతన. మన ఇళ్ళలో చంటిపిల్లలకి సైతం చెప్పే కథ. కంసుడు పంపిన రాక్షసి అందమైన ఆడమనిషి వేషంలో, అమ్మలాగా వచ్చి, విషం పూసుకున్న రొమ్ము పసివాడి నోటికి అందిస్తుంది. పోతన భాగవతం దశమ స్కంధంలో ఉన్న ఈ ఘట్టం మా అవ్వ చెప్తా ఉంటే నేను అన్నం ముద్దలు మింగుతూ విన్నాను. మా అమ్మని నేనెప్పుడూ అనుమానించలేదు. కృష్ణుడు పాలతోబాటు ఆమె ప్రాణాలూ లాగేశాడన్న చోట చప్పట్లు కొట్టేదాన్ని. అమ్మ వేషంలో వచ్చేవాళ్ళు ఉంటారని మన పెద్దలు పసిపిల్లల దగ్గర దాచలేదు. వేషం కింద ఉన్నదేంటో పసివాడు కనిపెట్టేశాడని కూడా కథలోనే చెప్పారు.

‘కోరలైన్’లో జరిగేదీ అదే. ఆ పిల్ల ఒక్క క్షణం కూడా బొత్తాల కళ్ళావిడని తన అమ్మ అనుకోదు. నువ్వు నా అమ్మవి కాదని ముఖం మీదే చెప్తుంది. అసలు అమ్మ విసుక్కుంటుంది, అడిగిన రంగు చేతితొడుగులు కొనివ్వదు, వంటలో ఆసక్తి లేదు. అయినా పిల్ల వెతుక్కుంటూ పోయింది ఆ అమ్మ కోసమే. నమ్మకం పోవడం ఎక్కడుంది ఇందులో?

నేను గమనించినదొకటి ఉంది. ఈ ప్రశ్న ఏ పిల్లా నన్ను అడగలేదు, అడిగినవాళ్ళంతా అమ్మలే. పిల్లలు కోరలైన్ కాళ్ళతో ఆ ఇంట్లో నడుస్తున్నారు. తాళంచెవి ఎక్కడుంది, పిల్లి ఏమంటుంది, ఎలుకలు ఎటు పోతున్నాయి, ఇవీ వాళ్ళ బాధలు. మనం మాత్రం ఆ ఇంట్లో లేని అమ్మ స్థానంలో నిలబడి చదువుతున్నాం. నా పిల్లకి నాకంటే బాగా వండిపెట్టే, నాకంటే తీరికున్న మనిషి దొరికితే నన్ను మరిచిపోతుందా అన్నది మన భయం. పిల్లలు దీన్ని సాహసకథలా చదువుతారు, పీడకలలు పెద్దవాళ్ళకి వస్తాయి అని రచయితే చెప్పారు. మా మేడ మీద కళ్ళారా చూశాను.

వదిన ఇప్పటికీ ఒప్పుకోలేదు. పూతన కథలో పక్కన యశోద ఉంది, ఇక్కడ పిల్ల ఒంటరి, రెండూ ఒకటి కాదంటుంది. ఆ తేడా నిజమే. అందుకే ఈ పుస్తకం పిల్ల చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్ళిపోకండని నేనూ అందరికీ చెప్తున్నాను.

ఆ బొత్తాల కళ్ళావిడని తెలుగులో ఏమని పిలిచారు?

దీని మీద పెద్ద చర్చే జరిగింది, నాకు చాలా ఇష్టమైన చర్చ. ఇంగ్లీషులో చదువుతూ, కష్టమైన చోట తెలుగులో చెప్పుకుంటూ పోయాం కాబట్టి పేరు కావాల్సి వచ్చింది. ‘మారుతల్లి’ అన్నాను మొదట. వెంటనే ఒక పిల్ల తల వంచుకుంది. వాళ్ళింట్లో ఉన్నది మారుతల్లే, మంచి మనిషి. నాలుక కరుచుకున్నాను. ‘రెండో అమ్మ’ అన్నా అదే అర్థం. సవతితల్లి మాట ఇక ఎత్తనే లేదు. తెలుగులో కన్నతల్లి కాని తల్లికి ఉన్న మాటలన్నీ నిజమైన మనుషులకి ఉన్న మాటలే. వాటిని ఈ రాకాసికి తగిలించడం అన్యాయం.

‘దొంగ అమ్మ’ అని ఒక బాబు, ‘అద్దంలో అమ్మ’ అని ఇంకో పాప. చివరికి ‘ఇంకో అమ్మ’ నిలబడింది. పైకి మామూలు మాటే. చీకటి పడ్డాక చదువుతూ “ఇంకో అమ్మ నవ్వింది” అంటే మాత్రం పిల్లలు చాప మీద ఒకరి వైపు ఒకరు జరిగేవాళ్ళు.

కోరలైన్ కంటే ముందు ఆమె చేతికి చిక్కి చనిపోయిన పిల్లలు కథలో ఆమెని ఒక పాతకాలపు మాటతో పిలుస్తారు, ముసలి మంత్రగత్తె అని అర్థం. దాన్ని ‘ముసలమ్మ’ అందామంటే మా అవ్వలు ఊరుకోలేదు. మన కథల్లో ముసలమ్మంటే దారి తప్పినవాళ్ళకి అన్నం పెట్టే పేదరాశి పెద్దమ్మ, ఆ పేరు చెడగొట్టొద్దన్నారు. నిజమే కదా అని ‘మాయలమారి’ అన్నాం.

ఎన్నేళ్ళ పిల్లలకి ఇవ్వొచ్చు?

అమ్మేవాళ్ళు 8 నుంచి 12 అంటారు. పక్కన పెద్దవాళ్ళు కూర్చుని చదివి వినిపిస్తే తొమ్మిదేళ్ళకి సరే, తమంతట తాము చదువుకోవడానికి పదకొండు అని నేననుకుంటాను. వయసు కంటే పిల్ల స్వభావం ముఖ్యం. మా దగ్గర ఎనిమిదేళ్ళ పాప కదలకుండా కూర్చుంది, పన్నెండేళ్ళ అబ్బాయి మూడో రోజు కడుపునొప్పి అని రాలేదు. అతన్ని ఎవరూ ఎగతాళి చేయకుండా చూసుకున్నాను. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయినా, అమ్మ ఆసుపత్రిలో ఉన్నా, దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉన్నా ఈ పుస్తకం కొంతకాలం పక్కన పెట్టండి. అమ్మానాన్నలు మాయమై, ఇంట్లో పిల్ల ఒక్కతే పడుకునే ఘట్టం ఆ పిల్లలకి కథలా అనిపించదు.

మా పాప రాత్రి లైటు ఆపనివ్వడం లేదు. తప్పు పుస్తకానిదా, మాదా?

ఎవరిదీ కాదమ్మా. కానీ చేయాల్సిన పని మాత్రం ఉంది.

ముందు, “పిచ్చిదానా, అదంతా కథ, పడుకో” అనొద్దు. కథలో పోలీసాయన చేసింది సరిగ్గా అదే. అమ్మానాన్నల్ని ఎవరో ఎత్తుకుపోయారని కోరలైన్ ఫోన్ చేస్తే, మీ అమ్మని వేడి చాక్లెట్ కలిపిమ్మని అడుగు, గట్టిగా కౌగిలించుకోమని అడుగు, పీడకల పోతుంది అని ప్రేమగానే చెప్పి పెట్టేస్తాడు. మంచివాడే, కానీ వినలేదు. మా పిల్లల్లో ఎక్కువమందికి కోపం వచ్చింది ఇంకో అమ్మ మీద కాదు, ఆ పోలీసు మీద. చెప్తే పెద్దవాళ్ళు నమ్మరు అన్నది వాళ్ళకి బాగా తెలిసిన బాధ.

ఏ చోట భయమేసిందో అడగండి. ‘ఆ పుస్తకం భయం’ అన్నప్పుడు భయం ఇల్లంతా ఉంటుంది. ‘నేలమాళిగలో ఇంకో నాన్న మెత్తగా, ముద్దలాగా అయిపోయి ఉంటాడే, అక్కడ’ అన్నాక ఆ ఒక్క చోటే ఉంటుంది. ఆ చోటు మళ్ళీ చదవండి, పగలు. ఆ ఇంకో నాన్న చెడ్డవాడు కాదని, నీకు హాని చేయమని నన్ను పంపింది, పారిపో అని ముందు చెప్పింది అతనేనని అప్పుడు కనపడుతుంది. మొదటిసారి చదివినప్పుడు భయంలో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు.

అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో ఆపేయకండి. ఒకావిడ బాబు ఏడ్చాడని ఏడో అధ్యాయం తర్వాత పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆమె ప్రేమని నేను తప్పుపట్టను. కానీ ఆ బాబు మనసులో కోరలైన్ ఇంకా అద్దం వెనక చీకటి గదిలోనే ఉంది, బయటికి రాలేదు. మూడు వారాలకి ఆవిడే వచ్చి, చివరికి ఏమైందో మీరే చెప్పండి మేడం, వాడు రోజూ అడుగుతున్నాడు అంది. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని మిగతాది చెప్పాను. భయం కథ మొదలుపెడితే ఒడ్డుకి చేర్చే బాధ్యత మొదలుపెట్టినవాళ్ళదే. ఆ విషయంలో తప్పు నాది, ఆవిడది కాదు. ముందే చెప్పి ఉండాల్సింది.

రాత్రి పూట చదవడం కూడా మానేశాం. ఇప్పుడు వెలుతురుండగానే ఆ రోజు అధ్యాయం ముగించి, తర్వాత కాసేపు ఆడించి పంపుతున్నాను.

“ఏందక్కా, ఇంత చేసి ఇందులో ఏముంది? నాకైతే భయమే వేయలేదు” అంటున్నాడు మా అబ్బాయి. వాడిలో లోపమా?

లేదు. మా దగ్గరా నలుగురికి అస్సలు వేయలేదు. వాళ్ళు చెప్పిన కారణాలు కూడా న్యాయమైనవే. రాక్షసి ఒక్కతే, ఇల్లొక్కటే, పెద్ద యుద్ధం లేదు, మంత్రాలు లేవు. ఆ లోకం కూడా చిన్నది. తోటలోంచి అవతలికి నడిస్తే చెట్లు గీతల్లా, తర్వాత మంచులా అయిపోయి, తిరిగి అదే ఇంటికి చేరుతుంది. ఇంత చిన్న లోకం కట్టిన మాయలమారికి శక్తి ఏముంది అని ఒకడు అడిగాడు. నాకు ఆ చిన్నతనమే ఊపిరాడనివ్వలేదు. ఇద్దరం ఒకే పేజీ చదివాం.

వాళ్ళకి బోరు కొట్టిన మొదటి భాగం గురించి మాత్రం నేను వాదిస్తాను. వాన కురుస్తున్న రోజు ఏం తోచక విసిగిస్తుంటే, ఇంట్లో నీలం రంగు వస్తువులు, కిటికీలు, తలుపులు లెక్కపెట్టు పో అంటాడు నాన్న. ఆమె లెక్కపెడుతుంది: నీలం వస్తువులు 153, కిటికీలు 21, తలుపులు 14. బోరు కొట్టబట్టే లెక్కపెట్టింది, లెక్కపెట్టబట్టే పద్నాలుగో తలుపు దొరికింది. మా పిల్లలకీ ఇదే పని చెప్పాను, మీ ఇంట్లో నీలం వస్తువులెన్నో రాసుకు రండని. రెండు గదుల ఇంటి పిల్ల అందరికంటే ఎక్కువ తెచ్చింది. వాళ్ళమ్మ నీలం దారపు ఉండలు అమ్ముతుంది.

భయం కథలు కావాలంటే మనకి లేవా? ఇంగ్లీషు పుస్తకమే ఎందుకు?

ఉన్నాయి. ఇంతకంటే భయంకరమైనవి ఉన్నాయి.

1947లో మొదలైన చందమామ చదువుతూ పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. శ్మశానంలో చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే రాజు బొమ్మ నెలనెలా వచ్చేది. శవం లోపలి బేతాళుడు మాట్లాడతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెప్తే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. దాన్ని పదేళ్ళ పిల్లల చేతిలో పెట్టి ఏ తల్లీ కంగారుపడలేదు. పట్టువదలని విక్రమార్కుడు అని పిల్లల్ని మెచ్చుకోవడం కూడా ఆ శ్మశానంలోంచి వచ్చిన మాటే.

బాలనాగమ్మ కథ తీసుకోండి. బుర్రకథగా మన పల్లెల్లో రాత్రంతా చెప్పేవాళ్ళు. మాయల మరాఠీ ఆమెని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు, వాడి ప్రాణం ఏడు సముద్రాలవతల చిలకలో ఉంటుంది. అమ్మని విడిపించడానికి బయల్దేరేది ఆమె కొడుకు బాలవర్ధిరాజు, చిన్నపిల్లవాడు. మాయలమారి ఎత్తుకుపోయిన అమ్మ కోసం ఒంటరిగా వెళ్ళే పసిప్రాణం, ఎక్కడో దాచిన ప్రాణాన్ని వెతికి పట్టుకోవడం. ‘కోరలైన్’ కథ కూడా ఇదే దారిలో నడుస్తుంది. అమ్మానాన్నల్ని మంచు కురిసే చిన్న గాజు బొమ్మలో దాస్తుంది ఇంకో అమ్మ. ముగ్గురు చనిపోయిన పిల్లల ఆత్మల్ని గోలీల్లాంటి వాటిలో దాస్తుంది. బాలనాగమ్మ కథ తెలిసిన మా పక్కింటి అవ్వ, ఇంగ్లీషు ముక్క రాదు, నా తెలుగు విని “వెతకమను, ఆ అరుగు మీద బొమ్మల్లో చూడమను” అని ముందే చెప్పేసింది. సరిగ్గా అక్కడే ఉంది, పొయ్యి పైన అరుగు మీద.

మరి ఇంగ్లీషు పుస్తకం దేనికంటే, ఒక్క తేడా కోసం. మన కథల్లో భయం అడవిలో, శ్మశానంలో, ఏడు సముద్రాలవతల ఉంటుంది. ఇందులో హాల్లోనే, ఎప్పుడూ చూసే తలుపు వెనక ఉంది. అపార్టుమెంట్లలో, తాళం వేసిన గదుల్లో పెరుగుతున్న ఇప్పటి పిల్లలకి అడవి తెలియదు, తలుపు తెలుసు. రెండూ చదివించండి. ఈ వేసవి నేను బాలనాగమ్మతో మొదలుపెట్టి దీనికి వచ్చాను, పిల్లలకి ఇది ఇంకా బాగా అందింది.

సినిమా చూపిస్తే సరిపోదా?

2009లో హెన్రీ సెలిక్ తీసిన బొమ్మల సినిమా ఉంది. బొమ్మల్ని కొద్దికొద్దిగా కదిపి ఒక్కో ఫ్రేమూ ఫొటో తీసి చేసింది, పనితనం అద్భుతం. కానీ అందులో కోరలైన్‌కి తోడుగా వైబీ అనే అబ్బాయిని కొత్తగా కలిపారు. పుస్తకంలో ఆమెకి పిల్లి తప్ప తోడు లేదు. సినిమా చూసినవాళ్ళు భయం గురించి చెప్పారు, పుస్తకం చదివినవాళ్ళు ధైర్యం గురించి చెప్పారు. ముందు పుస్తకం, ఆనక సినిమా.

కోరలైన్ అమ్మానాన్నలు పిల్లని పట్టించుకోరు. అలాంటివాళ్ళని మంచివాళ్ళుగా చూపించడం సరైనదేనా?

నాన్నల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మా దగ్గరికి వచ్చే నాన్నలు తక్కువ, వచ్చిన ఒక్కాయన కందిరీగల ఘట్టం విని చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఘట్టం ఇది. కోరలైన్ ఇంకా చిన్నగా ఉన్నప్పుడు నాన్నతో బంజరు భూమిలో నడుస్తుంటే ఆయన కందిరీగల పుట్ట తొక్కుతాడు. పరుగెత్తు అని పిల్లని గుట్ట ఎక్కించి, తాను కదలకుండా నిలబడి కుట్టించుకుంటాడు. ముప్పై తొమ్మిది చోట్ల కుట్టాయి, పిల్లకి ఒక్కచోట. పారిపోయి వస్తుంటే ఆయన కళ్ళజోడు అక్కడే పడిపోతుంది. సాయంత్రం దానికోసం మళ్ళీ అక్కడికి వెళ్తాడు. పిల్లని కాపాడినప్పుడు నాకు భయం వేయలేదు, అందుకని అది ధైర్యం కాదు, కందిరీగలున్నాయని తెలిసి, భయపడుతూ మళ్ళీ వెళ్ళానే, అది ధైర్యం అని ఆయన అర్థం. కొవ్వొత్తి పట్టుకుని చీకటి దారిలో నడుస్తూ కోరలైన్ ఈ కథ పిల్లికి చెప్తుంది.

ఆ నాన్నే పిచ్చి వంటలు చేసి పిల్లని విసిగించేవాడు, పనిలో పడి తలెత్తనివాడు. ఇద్దరూ ఒకరే. ఇంకో నాన్న పాటలు పాడతాడు, అడిగినంతసేపు ఆడతాడు. అతను కందిరీగల ముందు నిలబడలేడు, ఎందుకంటే అతనికంటూ ప్రాణం లేదు. పట్టించుకోని తల్లిదండ్రుల్ని వెనకేసుకొస్తోంది ఈ పుస్తకం అని ఒక అమ్మ గట్టిగా అంది. నేనలా చదవలేదు. ఆమె మాట విన్నప్పటి నుంచి మాత్రం, పిల్లలు పిలిస్తే ఫోను పక్కన పెడుతున్నాను.

తిండి సంగతి కూడా వచ్చింది. ఇంకో అమ్మ వండిన కోడికూర ఎంత బాగుందో చదువుతుంటే ఒక చిన్నవాడు “నేనైతే అక్కడే ఉండిపోతా” అన్నాడు. వెనక వాళ్ళమ్మ ముఖం చిన్నబోయింది. మర్నాడు ఆవిడ చేపల పులుసు గిన్నెడు మేడ మీదికి తెచ్చింది. ముందురోజు చేసిన పులుసు, ఊరింది. అందరం తిన్నాం. ఆ పిల్లవాడు రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఇలాంటివి చదివితే ఇంట్లోకి గాలీధూళీ వస్తాయని మా అత్తమ్మ అంటోంది.

జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో దయ్యం పట్టిందని తెచ్చిన మనుషుల్ని చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళం. అత్తమ్మ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఆమెని తీసిపారేయకండి. ఈ పుస్తకంలో పూజలు, చేతబడి, మంత్రాలు నేర్పేవి ఏమీ లేవు. ఆ పిల్ల దగ్గరున్న ఆయుధం ముసలమ్మలిచ్చిన బెజ్జం ఉన్న రాయి ఒక్కటే. బెజ్జంలోంచి చూస్తే నిజమైనది మెరుస్తూ కనపడుతుంది, అంతే. అత్తమ్మని కూడా ఒకరోజు చాప మీద కూర్చోబెట్టండి. మా అవ్వలు అలాగే మారారు. ఒకావిడ మారలేదు, అయినా రోజూ వచ్చి వింది.

చివర్లో ఆ చేయి సంగతి అనవసరం కదా? అమ్మానాన్నలు దొరికాక కథ అయిపోయినట్టేగా?

ఈ మాట చదువరుల్లో చాలామంది అన్నారు. పెద్దవాళ్ళూ అన్నారు. కథ ఒకసారి ముగిసి, మళ్ళీ లేచినట్టుంది అని.

నాకు మాత్రం పుస్తకంలో అన్నిటికంటే బాగా అమరిన భాగం అదే. అమ్మానాన్నల్నీ ఆ ముగ్గురు పిల్లల ఆత్మల్నీ వెతికి పట్టుకుంటే అందర్నీ వదిలేయాలని పందెం కట్టేటప్పుడు కోరలైన్ ఒట్టు వేయమంటుంది. మా అమ్మ సమాధి మీద ఒట్టు అంటుంది ఇంకో అమ్మ. ఆ అమ్మని సమాధిలో పెట్టింది తానేనని కూడా చెప్తుంది. అది చెల్లదంటుంది పిల్ల. అప్పుడు తన కుడిచేతి మీద ఒట్టేస్తుంది. ఆ ఒట్టు తప్పుతుంది. చివర్లో తలుపు మూసుకుంటూ తెగి, తాళంచెవి కోసం ఇవతలికి పాకుతూ వచ్చేది ఆ కుడిచేయే. మన ఊళ్ళలో ఒట్టు తప్పితే ఏ వస్తువు మీద ఒట్టేశారో అదే పోతుందంటారు. మా పిల్లల్లో ఒక అమ్మాయి ఇది పట్టుకుంది, నేను పట్టుకోలేదు.

తర్వాత బావి. కింది వాటా ముసలమ్మలు ఆ పాడుబావి దగ్గరికి వెళ్ళొద్దని మొదట్లోనే చెప్పారు. ఎక్కడుందో తెలిస్తేనే కదా వెళ్ళకుండా ఉండేది అని కోరలైన్ వెతికి మరీ చూసి పెట్టుకుంది. చివర్లో ఆ బావి మీది చెక్కలు తీసి, పైన గుడ్డ పరిచి, బొమ్మల విందులాగా సర్ది, నడుమ తాళంచెవి పెడుతుంది. చేయి ఎగిరి దూకుతుంది, గుడ్డతోసహా బావిలో పడుతుంది. ఇక్కడ ఆమెకి మాయ రాయి లేదు, మాట్లాడే పిల్లి లేదు. బొమ్మలాట ఆడే వయసు దాటిన పిల్ల, బొమ్మలాట నటించి గెలిచింది. పల్లెలో బావి ఉన్న ఇంటి పిల్లలకి ఈ ఎత్తు వెంటనే అర్థమైంది. టౌను పిల్లలకి బావి అంటే ఏంటో చెప్పాల్సి వచ్చింది, అది నాకు బాధనిపించింది.

ఇంగ్లీషు ఎంత వచ్చి ఉండాలి?

ఆరో తరగతి ఇంగ్లీషు చాలు. వాక్యాలు చిన్నవి. రాకపోతే మాలాగా ఒకరు చదివి తెలుగులో చెప్పండి.

మగపిల్లలు ఆడపిల్ల కథ వింటారా?

విన్నారు. ఈ ప్రశ్న పెద్దవాళ్ళు తప్ప పిల్లలెవరూ వేయలేదు.

నాకు నచ్చలేదు, మా అమ్మాయికి ప్రాణం. ఇంట్లో దీని గురించి ఎలా మాట్లాడుకోవాలి?

నచ్చలేదని చెప్పండి, ఎందుకో చెప్పండి. ఒక బళ్ళో ఒక పెద్దాయన ఫిర్యాదు చేస్తే ఈ పుస్తకాన్ని లైబ్రరీ అరలోంచి తీసేశారని మా దగ్గరికొచ్చే పిల్ల చెప్పింది. ఎవరూ చదవలేదట, ఎవరూ మాట్లాడలేదట, మర్నాటికి అర ఖాళీ. మా వదిన ఈ పుస్తకాన్ని అంత కాదన్న మనిషి, ఆ మాట విని అందరికంటే ఎక్కువ కోప్పడింది. వద్దనే హక్కు చదివినవాళ్ళకే ఉంటుందని ఆమె పట్టు. తాను రెండుసార్లు చదివింది, మార్జిన్లో పెన్సిల్‌తో తన అభ్యంతరాలు రాసింది. ఆ కాపీ ఇప్పుడు మా మేడ మీద అందరూ అడిగి తీసుకుంటున్నారు. మూడో అధ్యాయంలో ఒకచోట ఆమె “ఇది అబద్ధం” అని రాస్తే, పక్కనే చిన్న అక్షరాలతో ఎవరో పిల్ల “కాదు టీచర్, మా ఇంట్లో నిజం” అని రాసింది. ఆ పిల్ల ఎవరో వదిన అడగలేదు. ఆ వారం నుంచి శనివారాలు బస్సెక్కి వచ్చి పిల్లలతో కూర్చుంటోంది.

పుస్తకం అయిపోయాక పిల్లలు ఏం చేశారు?

ఆదివారం అందరం మైపాడు వెళ్ళాం. అలల దగ్గర ఆడతారనుకుంటే, ఇసుకలో వంగి వెతకడం మొదలుపెట్టారు. బెజ్జం ఉన్న రాయి కోసం. రాళ్ళు దొరకలేదు, బెజ్జాలు పడ్డ చిప్పలు బోలెడు దొరికాయి. ఒక్కొక్కరూ కంటికి పెట్టుకుని ఒడ్డున కూర్చున్న అమ్మల్ని చూశారు. చేపల పులుసు తెచ్చినావిడ కొడుకు చాలాసేపు చూసి, చిప్ప దించి, వాళ్ళమ్మ దగ్గరికి పోయి ఇసుక చేతులతో ఆమె కళ్ళు తడిమి వచ్చాడు.